యాభై నిమిషాల దూరం

“యాభై నిమిషాలేనండీ. దిగిన వెంటనే మేమే ఫోన్ చేయిస్తాం. మా మాట నమ్మండి.”

విదేశాలకు నర్సుల్ని బస్తాల్లా ఎగుమతి చేసే బెజవాడ కంపెనీవాడు, చల్లపల్లిలో హెలెన్ వాళ్లింట్లో కాఫీ తాగుతూ అన్న మాట ఇది. నడిసముద్రంలో ఒక దీవి నుంచి ఇంకో దీవికి చిన్న విమానం. మూడు వందల పన్నెండు కిలోమీటర్లు. తమ్ముడు సురేష్ ఫోన్లో కూడా చూశాడు. లెక్క సరిపోయింది.

డిసెంబరు మొదటివారంలో, మన టైము ప్రకారం మధ్యాహ్నం మూడింటికి హెలెన్ విమానం ఎగిరింది. చల్లపల్లిలో ముసురు. తడిసిన గడ్డివాము వాసన వసారాలోకి వస్తోంది. తల్లి అమలమ్మ చాప మీద మోకరించింది. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆవిడ ప్రార్థన మొదలుపెడుతుంది. చేరినట్టు కబురొచ్చేదాకా ఆమేన్ అనదు. భర్త ఆమోసు హైదరాబాదు వెళ్లిన రోజు, వంట చేస్తూ కూడా ఆరు గంటలు గొణుగుతూనే ఉంది.

సురేష్‌కి ఇదంతా ఒళ్లుమంట. ప్రశ్నించనివాడు బానిస అని గోడల మీద రాసినవాడు. మూడూ యాభై దాటింది. అమ్మ షుగరు మనిషి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, గొంతెండి దగ్గుతోంది. జాలీ కోపమూ కలిసొచ్చి, ఆవిడ పక్కన వంగి తనే గట్టిగా “ఆమేన్” అనేశాడు.

అమలమ్మ పెదాలు ఆగాయి. “అక్క ఫోన్ చేసిందా?”

“లెక్క ప్రకారం దిగే ఉంటుందమ్మా. లే, అన్నం తిను.”

చూరు నీళ్ల చప్పుడు ఆగిపోయింది. వాన మాత్రం పడుతూనే ఉంది... ఇంట్లోకి ఉప్పునీటి వాసన.

ఫోన్ మోగింది.

“సురేషూ...” హెలెన్ గుసగుస. “ఇందాక విమానంలో నీ గొంతు వినపడిందిరా. అందరం విన్నాం.”

“ఎక్కడున్నావక్కా?”

“పైనే. అప్పట్నుంచి కింద సముద్రం లేదు. ఇంజన్ చప్పుడూ లేదు. పోతూనే ఉన్నాం... పైలట్‌ని అడుగుదామని ముగ్గురు లేచి వెళ్లారు. నా ముందు రెండు వరసలేరా... వాళ్లింకా నడుస్తూనే ఉన్నారు.” ఊపిరి పీల్చుకుంది. “అమ్మని మళ్లీ మొదలుపెట్టమను.”

లైను తెగింది.

అమలమ్మ కళ్లు మూసుకుంది. నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. అరవై ఏళ్లుగా నోట్లో నానిన మాటలు... ఒక్కటీ లేదు.

సురేష్ కంపెనీకి ఫోన్ చేశాడు. విమానం సరిగ్గా మూడూ యాభైకే దిగిందన్నారు. కావాలంటే మాట్లాడిస్తామన్నారు. మాట్లాడించారు. గొంతు అక్కదే.

“క్షేమంగా చేరానండీ. అమలమ్మగారికి చెప్పండి. పద్నాలుగో తారీఖున మీ ఇంటికి వస్తున్నాను.”

సాయంత్రం కంపెనీకి ఉత్తరం రాశాడు. లాభాలు మీవి, ప్రాణాలు మావా అని మొదలుపెట్టి, కొట్టేశాడు. నినాదాలన్నీ కొట్టేయగా మిగిలింది ఇంతే:

మీరు దింపింది ఎవరిని? మా అక్క ఎక్కడ? డిసెంబరు పదమూడు, సాయంత్రం అయిదింటిలోగా జవాబు చెప్పండి.