బ్యాటరీ తాగే బండి

ఏర్పేడులో మెయిన్ రోడ్డు పక్కన, లారీలు ఆగే చోట నియాజ్‌కు ఒక రేకుల షెడ్డు ఉంది. పద్దెనిమిదేళ్లుగా కార్లకు కరెంటు పని ఒక్కటే చేస్తాడు. ఇంజను జోలికి పోడు. లైట్లు, హారను, సెల్ఫ్ మోటారు, బ్యాటరీ, అంతవరకే. మల్టీమీటర్ పెట్టి చూసి "బాగుండాది" అన్నాడంటే బాగున్నట్టే. ఆ చుట్టుపక్కల డ్రైవర్లకు అతని మాట మీద అంత గురి.

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నం మూడింటికే దీపం పెట్టే వేళలా ఉంది. అప్పుడొచ్చింది ఆ బూడిదరంగు కారు. దిగినాయన పేరు పరాశర్. తిరుపతిలో ఒక ట్రస్టు ఆఫీసులో ఉద్యోగం, నుదుట సన్నటి నామం. వెనక సీట్లో ఏడేళ్ల కూతురు శ్రీవేద ముడుచుకుని నిద్రపోతోంది.

"రెండు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానబ్బా. ఇది మూడో బ్యాటరీ. రాత్రి ఆపితే తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటాది. ఈపొద్దు కూడా తోయించి స్టార్ట్ చేసినా" అన్నాడు పరాశర్.

"యాడ కొన్నారు సామీ?"

"పులికాట్ పక్కన. చేపల వ్యాపారం ఆయన దగ్గర. నాలుగుసార్లు కడిగించినా వాసన పోలే."

నియాజ్ బానెట్ ఎత్తాడు. బ్యాటరీ కొత్తదే. అయినా తీగలు బిగించే మొనల చుట్టూ పచ్చటి బూజు పట్టి ఉంది. అది పొడిగా రాలలేదు. గోటితో గీకితే చీమిడిలా సాగింది. బండ గుడ్డకు తుడుచుకుని, ముందు ఇంజను నడుస్తుండగానే మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టులు దాటింది. డైనమో బాగుంది. ఇంజను ఆపించాడు. పన్నెండున్నర. బ్యాటరీ కూడా బాగుంది.

బీడీ ముట్టించి, అది అయ్యాక మళ్లీ చూశాడు. పన్నెండు. ఇంకో ఐదు నిమిషాలకు పదకొండు ముప్పావు.

"బ్యాటరీ తప్పు లేదు సామీ. బండి ఆపినాక ఏందో తాగతా ఉండాది."

మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ నడుమ మీటరు కలిపాడు. ఆపిన బండి ఎంత కరెంటు లాగుతోందో అలా పెడితే తెలిసిపోతుంది. మంచి బండి అయితే గడియారానికీ, తాళానికీ సరిపడా పిసరంత తీసుకుంటుంది. మీటరులో రెండు ఆంపియర్లు కనిపించింది. చూస్తుండగానే మూడు అయింది. మళ్లీ మెల్లగా రెండుకు దిగింది. మళ్లీ మూడు.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో, దొంగ ఆ దారిలో ఉన్నట్టు. లైట్లవి తీశాడు. మార్పు లేదు. పాటల పెట్టెది, ఫ్యానుది తీశాడు. లేదు. చివరికి ఒక్కటీ మిగల్లేదు. డైనమో తీగ కూడా విప్పేశాడు.

రెండు... మూడు... రెండు... మూడు.

ఎక్కడో చూసిన లయ అది. కాసేపటికి తెలిసింది. నిద్రపోయేవాళ్ల పొట్ట అలాగే లేచి పడుతుంది.

బండి లోపలి నుంచి వాసన మొదలైంది. ముందు కుళ్లిన రొయ్య తలల వాసన. దాని వెనక తడిసి మాగిన గుడ్డల వాసన. వాటన్నిటి కింద ఇంకొకటి... పసిబిడ్డ కక్కిన పాల పులుపు. నియాజ్ నోట్లో నీళ్లూరాయి. ఉమ్మేశాడు. ఆ పులుపు గొంతులో మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఇంత కంపులో పాప ఎట్ట పడుకుంటాది సామీ?"

"దానికి వాసనే తెలీదంటాది. బడి నుంచి వచ్చేటప్పుడు రోజూ అదే సీట్లో నిద్ర. ఈ మధ్య మరీ నీరసంగా ఉండాది. రక్తం లేదన్నారు డాక్టరు." పరాశర్ కండువాతో ముక్కు మూసుకున్నాడు. "చిత్రం ఏందంటే, కొత్త బ్యాటరీ ఏసిన నాలుగు రోజులూ పాప బాగుంటాది. అది డౌను అయితే ఇదీ డౌను."

ఆ మాట నియాజ్ సగమే విన్నాడు. తీగ ఎక్కడో తెగి బాడీకి తగులుతోందని అతని లెక్క. మీటరు తీసేసి, ప్లస్ తీగ కూడా విప్పి, బ్యాటరీని ఎత్తి నేల మీద పెట్టాడు. ఇప్పుడు బండికి కరెంటు అన్నమాటే లేదు.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

అప్పుడు వినిపించింది. చప్... చప్... చప్. మామిడి టెంక చీకుతున్నట్టు. బండి వెనక భాగం నుంచి.

శ్రీవేద నిద్రలో మూలిగింది.

నియాజ్‌కు పరాశర్ అన్న మాట అప్పుడు పూర్తిగా వినపడింది. పరుగున పోయి వెనక తలుపు లాగాడు. ఆవిరిలా వెచ్చటి కంపు మొహాన కొట్టింది. పాప పెదాలు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక కాలు సీటు మీద, ఒక కాలు ఆనుకునే దిండుకూ కూర్చునే దిండుకూ మధ్య సందులో. ఆ సందు నుంచి ఏదో బయటికి వచ్చి పిక్కను పట్టుకుంది.

బూడిదరంగులో, తడిగా, నాలుకంత మెత్తగా. దాని మీద సన్నటి వెంట్రుకలు చొంగతో అంటుకుని ఉన్నాయి. అది లేచి పడినప్పుడల్లా చప్... చప్...

"వేదా..." పరాశర్ వంగి పాపను లాగాడు. పాపతోపాటు అదీ సాగింది. పిక్క మీది చర్మమూ సాగింది. పాప కళ్లు తెరవలేదు.

"లాగొద్దు సామీ," నియాజ్ గుసగుసగా అన్నాడు. "ఊడొచ్చేస్తాది. లాగొద్దు."

వెనక్కి ఉరికాడు. బ్యాటరీ ఎత్తి పెట్టాడు. తొందరలో నట్టు జారింది. నట్టు లేకుండానే ప్లస్ తీగ తొడిగి, మైనస్ తీగను ఉత్త చేత్తో మొన మీద అదిమాడు. నిప్పురవ్వలు లేచాయి. ఆ తీగలో నుంచి ఏదో గుటక వేసినట్టు అరచేతికి తెలిసింది. ఒకటి... ఇంకొకటి...

వెనక తప్‌మని చప్పుడు, జిగురు ఊడినట్టు.

"వదిలిపెట్టింది," అన్నాడు పరాశర్. ఏడుస్తున్నాడు. "లోపలికి పోయిందబ్బా."

పాపను ఎత్తుకుని బయటికి వచ్చాడు. పిక్క మీద గుండ్రంగా రెండు వరుసల ఎర్రటి చుక్కలు. చిన్న చిన్న పళ్లు. పాలపళ్లంత. నియాజ్ రోడ్డు మీద పోయే ఆటో ఆపి ఇద్దరినీ ఆసుపత్రికి పంపేశాడు.

ఆ తర్వాత ఇనుప కొక్కేనికి తాడు కట్టి, తాను షెడ్డు బయట నిలబడి, ఆ సీటును బండిలో నుంచి ఊడబెరికాడు. అది బోర్లా పడింది. అడుగున దిండు తొలిచి ఉంది, మూడేళ్ల బిడ్డ మోకాళ్లు ముడుచుకుని పడుకుంటే ఎంతో అంత. చుట్టూ జుట్టుతో అల్లిన గూడు. అందులో వేలిలోతు చొంగ, రొయ్య పొట్టు. లోపల ఎవరూ లేరు. కట్టెతో పొడిచి చూశాడు, తర్వాత వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

పెట్రోలు పోసి కాల్చాడు. సీటు కాలుతుంటే నూనెలో వేపుడు వాసన వచ్చింది. రెండు రోజులు అతనికి అన్నం లోపలికి పోలేదు.

సీటు తీసేశాక బండికి మళ్లీ మీటరు పెడితే, పిసరంత. మంచి బండి ఎంత తీసుకోవాలో అంతే. రాత్రంతా వదిలేసి చూశాడు. తెల్లారి తాళం తిప్పగానే స్టార్ట్ అయింది.

నాలుగో రోజు బండిని తనే నడుపుకుంటూ తిరుపతి పోయి అప్పగించాడు. పరాశర్ మొహం విప్పారి ఉంది. చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"నీ పుణ్యం నియాజ్. పాప బంగారంలా ఉండాది. మూడు ముద్దలు తినేది ఇప్పుడు గిన్నె ఖాళీ చేస్తా ఉండాది. కూర్చో, కాఫీ తెస్తా."

హాల్లో సోఫా మీద శ్రీవేద ఒళ్లో గిన్నె పెట్టుకుని పెరుగన్నం కలుపుతోంది. బుగ్గలకు రంగు వచ్చింది. పిక్కకు కట్టు ఉంది. నియాజ్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అతని గుండె కుదుటపడింది.

పాప ముద్ద చేసింది. నోటికి పెట్టుకోలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, ఆ ముద్దను సోఫా దిండ్ల సందులోకి, మోచేతి దాకా దించింది.

"ఎవురికమ్మా?" నియాజ్ ముందుకు వంగి అడిగాడు.

శ్రీవేద ఎడమ చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా. ఒకటి తింటా ఉండాది, ఇంకోటి నిద్దర పోతా ఉండాది."

చేయి బయటికి తీసింది. వేళ్లకు ఒక్క మెతుకు లేదు. పెరుగు చుక్క కూడా లేదు. శుభ్రంగా, తడిగా మెరుస్తున్నాయి.