కాగితంలో లేని ప్రశ్న

పొద్దున ఎనిమిదింటికి కొడుకు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లిఫ్టుల రిపేరుకి బయల్దేరతాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ముందుగదిలో కుట్టుమిషను మొదలవుతుంది. మిషను ముందు మావగారు, పక్కన స్టూలు మీద కోడలు, కిటికీ అంచున రెండు టీ గ్లాసులు. రెండు నెలలుగా ఆ ఇంట్లో తెల్లారే తీరు ఇది.

అంతకుముందు ఆ టైలరు మాష్టారి నోట కొలతలు తప్ప మాట వచ్చేది కాదు. నడుము, పొడవు, భుజం. భార్య పోయాక అవీ తగ్గాయి. ఎవరైనా దేవుడి ఊసెత్తితే, "ఆయనకి నాతో పని లేదు, నాకు ఆయనతో పని లేదు. ఇద్దరం హాయిగా ఉన్నాం" అని దారం కొరికేసేవాడు. కోడలు మాత్రం ఆదివారం చర్చి, గురువారం ఆడవాళ్ళ ప్రార్థన కూటం మానేది కాదు. పెళ్ళయిన మూడేళ్ళలో ఒకరి దారికి ఒకరు అడ్డం రాలేదు.

అలాంటిది, ఒకరోజు ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, "ఈ మిషను మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది మావయ్యా?" అంది.

ముసలాయన్ని ఆ మాట అడిగిన మనిషే లేదు అప్పటిదాకా. ఎండిన నేల మీద చినుకు పడ్డట్టయింది. మొదట మిషను కథ, ఆ తరవాత పని నేర్పిన గురువు కథ, ఆ గురువు చేతి టేపు దెబ్బల కథ. వారం తిరిగేసరికి ఆయనే కేకేసేవాడు: "ఏమ్మా, స్టూలు ఖాళీగా ఉంది!" కాజాలు కుట్టడం నేర్పమంటే అదీ నేర్పాడు. ఆమె కుట్టిన మొదటి కాజా కళ్ళజోడు ఎత్తి చూసి, "ఇది కాజా కాదు తల్లీ, ఎలక కన్నం" అన్నాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ చనువుతోనే పోయిన నెలలో బీరువా అడుగునుంచి జానెడు గౌను ఒకటి తీశాడు.

"వాడికంటే ముందు మాకో కూతురు. పది నెలల పిల్ల. గుండీ అని పిలిచేవాణ్ణి. జ్వరమొచ్చింది. డాక్టరు దగ్గరికి పోదాం అంది మీ అత్తయ్య. చేతిలో పెళ్ళికోటు. ఒక్క చెయ్యి అతికిస్తే అయిపోతుంది, ఆగు అన్నాను. చెయ్యి అతికించి లేచేసరికి..." ఆగిపోయాడు. "వాడికి తెలియదు. చెప్పకూడదని మేమిద్దరం ఒట్టేసుకున్నాం. నీ నోటి నుంచి రానీకు."

"నా ప్రాణం పోయినా రానివ్వను మావయ్యా" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

ఇవాళ పొద్దున్నే వీధి చివర బేకరీ ఆవిడ వచ్చింది. కోటు భుజం దగ్గర పట్టేస్తోందట. మాష్టారు టేపు వేస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"మీరు మనసు కష్టపెట్టుకోకండి మాష్టారూ. ఆ పసిపాప ప్రభువు ఒళ్ళో ఉంది. కోటు చెయ్యి సంగతి ఆయన ఎప్పుడో క్షమించేశాడు. మేం ఎనిమిదిమందిమీ గురువారం గురువారం మీ కోసం ప్రార్థన చేస్తున్నాం."

టేపు జారి నేల మీద పడింది. వంటగది గుమ్మంలో కోడలు, చేతిలో టీ గ్లాసులతో నిలబడిపోయింది. వీధి గుమ్మంలో కొడుకు. ఫోను మరిచిపోయి వెనక్కి వచ్చాడు.

"ఏ పాప?" అన్నాడు.

బేకరీ ఆవిడకి తను ఎక్కడ కాలేసిందో అర్థమైంది. "మళ్ళీ వస్తాను" అని కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

"ఏ పాప నాన్నా?"

"మీ అక్క."

అంతా విన్నాక కొడుకు గోడకి చేరగిలబడ్డాడు. "ముప్పై రెండేళ్ళు. నాకు చెప్పలేదు. బేకరీలో తెలుసు, నాకు తెలియదు!" భార్య వైపు తిరిగాడు. "నీకూ తెలుసు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నానురా. నీ కోపం న్యాయమే, దానికి తరవాత జవాబు చెబుతాను" అన్నాడు మాష్టారు. కోడల్ని పిలిచాడు. "నువ్వు ఇలా రా. ఎందుకు చెప్పావు?"

"కబుర్లలా చెప్పలేదు మావయ్యా. ప్రార్థన విన్నపంగా చెప్పాను. దేవుడితో చెప్పినట్టే అనుకున్నాను."

"దేవుడితో చెప్పడానికి మధ్యలో ఎనిమిదిమంది చెవులెందుకమ్మా? పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలీదూ? అసలు రోజూ వచ్చి కూర్చున్నది దీనికేనా?"

ఆమె లోపలికి వెళ్ళి, బైబిల్లో మడిచి పెట్టిన కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కూటంలో అందరికీ పంచిన కాగితం. మాష్టారు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"ప్రభువును ఎరుగనివారితో మాట మొదలుపెట్టడం ఎలా? ముందు వారి పని గురించి అడగండి. తరవాత వారి చిన్నతనం గురించి అడగండి. వారి మనసులోని గాయం తెలుసుకోండి. ఆపైన ప్రభువు మాట చెప్పండి."

పైన ఖాళీ గీత మీద కోడలి గుండ్రటి అక్షరాలు: మావయ్య.

"మిషను ఎప్పుడొచ్చిందని అడిగావు. అది కాగితంలోదేనా?"

"అవును మావయ్యా."

"మా గురువు సంగతి?"

"అవును."

"గాయమూ దొరికింది. మరి ఆఖరిది చెప్పలేదేం?"

"గౌను చూశాక నోరు పెగల్లేదు మావయ్యా."

మాష్టారు కాగితాన్ని పాత మడతలోనే జాగ్రత్తగా మడిచాడు. "నలభై ఏళ్ళు ఊరందరి కొలతలు తీశాను. నా కొలతలు నాకే తెలియకుండా తీశావు. నా మాటలు వినడం నీకు ముచ్చటేమో అనుకున్నాను, పిచ్చివాణ్ణి."

స్టూలు బోర్లించి మూలకి నెట్టేశాడు.

ఆ సాయంత్రం కొడుకు తండ్రి గదిలోకి వెళ్ళి, "గౌను చూపించు" అన్నాడు. చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. కోడలితో మాట్లాడడానికి ఆ ఇంట్లో ఎవరి నోరూ తెరుచుకోలేదు. అన్నం, ఉప్పు, నీళ్ళు, అంతే మాటలు. పొద్దున్నే మిషను చప్పుడు వినబడుతుంటే ఆమె వంటగదిలో ఒక్క గ్లాసులోనే టీ పోసి, కిటికీ అంచున పెట్టి వచ్చేసేది.

నాలుగో రోజు బేకరీ ఆవిడ కోటు కోసం వచ్చింది. తల ఎత్తలేదు.

"మీ కోడలు మా ఎనిమిదిళ్ళకీ వచ్చింది మాష్టారూ. ఇంటింటికీ. ఇంకెవరికైనా చెప్పి ఉంటే వాళ్ళకీ ఇది తన తప్పని చెప్పమంది. నిన్న కూటంలో మా పెద్దక్క 'మంచి కోసమే కదమ్మా చెప్పావు' అంటే, ఏమందో తెలుసా? 'మంచికే అక్కా. కానీ ఆయన నాకు చెప్పారు, మనకి కాదు' అంది. నన్నూ క్షమించండి."

మాష్టారు కోటు భుజం రెండుసార్లు దులిపి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదైనా కొడుకు బయల్దేరలేదు. మిషను చప్పుడూ లేదు. కోడలు ఒక్క గ్లాసు పట్టుకుని వంటగది గుమ్మందాకా వచ్చి ఆగింది.

"ఏమ్మా, స్టూలు ఖాళీగా ఉంది!"

స్టూలు మళ్ళీ మిషను పక్కనే ఉంది. ఆమె వచ్చి దాని అంచు మీద కూర్చుంది. కొడుకు నేల మీద, గోడకి ఆనుకుని ఉన్నాడు. మిషను మీద గౌను.

"కాజాలు నేర్పమన్నావే, అది కాగితంలో ఎక్కడుంది?"

"అది లేదు మావయ్యా. అది నాకే నేర్చుకోవాలనిపించింది."

ఆయన గౌను ముందుకి జరిపాడు. మూడు తెల్ల గుండీలు ఉన్నాయి, కాజాలు లేవు.

"కోటు అయ్యాక కుడదామనుకున్నవి. నా చెయ్యి వణుకుతోంది. నువ్వు కుట్టు. వాడు చూస్తానన్నాడు."

మూడోసారికి గాని ఆమె సూదిలో దారం ఎక్కలేదు.

"ఇన్నాళ్ళూ నువ్వడిగావు, ఇవాళ నేనడుగుతాను" అన్నాడు మాష్టారు. "ఆ ప్రభువుని నువ్వెందుకు నమ్మావు? కాగితంలోది చెప్పకు."

ఆమె సూది ఆపింది. "మా అమ్మ పోయిన ఏడాది... ఎక్కడికి పోవాలో తెలీక చర్చిలోకి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు మావయ్యా. ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది, అంతే. నన్ను ఏడవనిచ్చారు."

"నాకు కావలసిందీ అదేనమ్మా" అన్నాడు ఆయన మెల్లగా.

ఆమె గౌను మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చింది. ఏమీ అడక్కుండా మాష్టారు పక్కన కూర్చున్నాడు. కొడుకు లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు, మూడు గ్లాసులు.

"నేను మీ చర్చికి మాత్రం రాను" అన్నాడు మాష్టారు, గ్లాసు అందుకుంటూ.

"రమ్మనను మావయ్యా."

మొదటి కాజా పూర్తయింది. ఆయన కళ్ళజోడు ఎత్తి, వెలుతురుకి పట్టి చూశాడు.

"ఎలక కన్నమే" అన్నాడు. కన్నీటి చుక్క గౌను మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు. "కాకపోతే చిన్న ఎలక."