పెట్టెలోని ఈల

ఉదయం ఏడున్నరకు కర్టెన్ల అంచు కుడుతున్న తల్లి ఉన్నట్టుండి మిషన్ ఆపేసింది. మళ్ళీ అదే ఈల. సన్నగా మొదలై, పైపైకి లేచి, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు టక్కున ఆగిపోయింది. ముందుగది మూలనున్న అట్టపెట్టెలోంచే వచ్చింది.

ఆ పెట్టెలో ఉన్నది కారు ఇంజిన్‌కి అదనంగా గాలి పట్టించే టర్బో. ఆమె భర్త లేత్ పనివాడు. కొడుకుతో కలిసి ఆయన చేసిన ఆఖరి పని దాన్ని కారుకి బిగించడమే. తర్వాత నెల తిరక్కుండానే నిద్రలో పోయాడు. మరో మూడు నెలలకు కొడుకు దాన్ని ఊడదీయించి, ఇంకా పెద్దది వేయించాడు. పాతదాన్ని ‘కొద్దిగా వాడినది’ అని అమ్మకానికి పెట్టాడు.

“ఒరేయ్, విన్నావా?”

“ఏంటమ్మా?” రక్తపరీక్షల ల్యాబులో డ్యూటీకి బయల్దేరబోతున్న కొడుకు, బూట్ల లేసుల మీంచి తలెత్తలేదు.

“ఈల.”

“పక్కింటి కుక్కరేమో.”

“కుక్కర్ ఈలకీ దీనికీ తేడా తెలీనిదాన్నా? రోజూ మీ నాన్న కారు తీసే వేళకే!”

“అది ఇనుప ముద్దమ్మా. ఇంజిన్ లేకుండా తిరగదు. కొనేవాడు వస్తున్నాడు, దాంతో పీడా వదులుతుంది.”

పీడా అన్న మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

అంతలోనే కొనేవాడు వచ్చాడు, బ్రెడ్డు వ్యాను డ్రైవరు. గొంతుక్కూర్చుని పెట్టె తెరిచి, చుట్టిన గుడ్డ తీశాడు. గదిలో ఫ్యాను లేదు, కిటికీలు మూసే ఉన్నాయి. లోపలి చక్రం మాత్రం ఎవరో వేలితో తిప్పుతున్నట్టు నెమ్మదిగా తిరుగుతోంది.

“ఇప్పుడే తిప్పి పెట్టారా సార్?” అంటూ చెయ్యి వేసి, చటుక్కున లాక్కున్నాడు. “వేడిగా ఉందేంటి!”

తల్లీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. అతను మెల్లగా లేచి, “బయటుంటాను” అని గడప దాటాడు.

“ఇదీ కుక్కరేనా?” అంది తల్లి. “అమ్మొద్దురా. కొత్తది రాగానే నాన్న చేతిపని చేదయిందా?”

“చేదయి కాదమ్మా!” అరిచాడు కొడుకు. “ల్యాబుకీ ఇంటికీ తిరగడానికి పెద్దది నాకెందుకు? యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇది ఈల వేసేది. నాన్న పక్క సీట్లో కూర్చుని, పళ్ళ సందుల్లోంచి వేసే ఈలే. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. భరించలేక తీయించేశాను. ఇప్పుడు ఇంట్లోనూ... రోజూ వింటూనే ఉన్నా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నేనూ విన్నానంటే నువ్వేమైపోతావో అని.”

ఇన్నాళ్ళూ వాడిది రాతిగుండె అనుకుంది. కళ్ళు తుడుచుకుని పెట్టె దగ్గరకు వెళ్ళి, టర్బో మీద అరచెయ్యి ఉంచింది. జ్వరమొచ్చిన నుదురులా కాలుతోంది.

“ఏమండీ,” అంది, భోజనానికి పిలిచినంత మామూలుగా. “వాడు భయపడుతున్నాడు. ఇక చాలు.”

చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

ఆమె డ్రైవర్ని లోపలికి పిలిచి, దాచకుండా అంతా చెప్పింది. “ఇష్టమైతేనే తీసుకో బాబూ.”

అతను వంగి, టర్బోకి మళ్ళీ గుడ్డ చుట్టాడు. “మా ఇంట్లోనూ ఒక మనిషి పోయిందమ్మా. ఒక్క ఈలైనా వినబడలేదు. ఇవ్వండి.”

మర్నాడు ఏడున్నరకు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తల్లీ కొడుకులు ఎవరి గదిలోంచి వాళ్ళు బయటికొచ్చేశారు. కొడుకు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, తండ్రి పోయాక మొదటిసారిగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఏడువు నాన్నా, ఏడువు,” అంటూ ఆమె వాడి తల ఒళ్ళోకి తీసుకుంది.