తొంభై ఎనిమిది శాతం

ఇనుప రాడ్ గాల్లోకి లేస్తుంది!

ఆమె పక్కకు దూకుతుంది. దెబ్బకు ఫ్రీజర్ తలుపు సొట్టపోతుంది.

“ఫైల్ ఇచ్చెయ్! ప్రాణాలతో ఇంటికెళ్తావ్!”

వాడు గోడౌన్ కాపలాదారు. అందరూ బండోడు అంటారు.

ఆమె ఫైల్‌ను గుండెలకు హత్తుకుని పరుగెడుతుంది.

ఆమె ఓ రీసెర్చ్ ల్యాబ్‌లో పర్చేజ్ ఆఫీసర్. ప్రయోగాలకు కావలసిన పెప్టైడ్లనే రసాయనాలు కొనేది ఈ గోడౌన్ కంపెనీ దగ్గరే. ప్రతి సీసాతో ఓ సర్టిఫికెట్... స్వచ్ఛత తొంభై ఎనిమిది శాతం! మూడు బ్యాచ్‌లకు మూడు సర్టిఫికెట్లు. మూడింటి మీదా ఒకటే పరీక్ష గ్రాఫ్... గీత కూడా తేడా లేదు! నిజంగా పరీక్షిస్తే అలా రాదు.

అది ముందు పట్టుకున్నది ఆమె భర్త. అదే ల్యాబ్‌లో టెక్నీషియన్. మర్నాడే లారీ కింద పడ్డాడు. యాక్సిడెంట్ అన్నారు.

నెల తిరిగింది. ఇవాళ భోజనాల వేళ ఆమె ఇక్కడి రికార్డు రూంలోకి దూరింది. ఈ ఫైల్లో మిషన్ తీసిన అసలు గ్రాఫ్ దొరికింది. అరవై ఒక్క శాతం!

ఎదురుగా గోడ... దారి లేదు!

బండోడు ఇకిలిస్తాడు. “ఎక్కడికమ్మా పోతావ్?”

పక్కనే డ్రై ఐస్ పెట్టె. ఎత్తి వాడి ముఖాన కుమ్మరిస్తుంది!

తెల్లటి పొగ... గావుకేక! నిప్పులా కాల్చే చలి అది. రాడ్ జారుతుంది. ఆమె అందుకుంటుంది. మోకాలి మీద ఒకటి... తల మీద ఇంకొకటి!

వాడు మళ్లీ కదలడు.

ఫైల్లోంచి ఓ కాగితం జారిపడుతుంది.

‘ఇదే సరుకు పంపండి. సర్టిఫికెట్లో తొంభై ఎనిమిది వెయ్యండి.’

ఆ చేతిరాత...! తను పక్కన కూర్చుని పలక మీద దిద్దించిన రాత!

“అక్కా...”

గిరుక్కున తిరుగుతుంది. చెల్లెలు! ఆమె ల్యాబ్‌లోనే సైంటిస్టు. చేతిలో పిస్టల్!

“నువ్వా...?”

“వెళ్లొద్దని పొద్దున్నే చెప్పానా లేదా? అసలు సరుకుతో ఏడాదంతా ఏమీ రాలేదక్కా. ఈ కల్తీతోనే రిజల్ట్ వచ్చింది. ఎక్కడ చూసినా ఇప్పుడు నా పేరే! కాగితం ఇటివ్వు. బావలా మొండికెయ్యకు.”

బావలా...!

రాడ్ విసురుతుంది.

ఢాం!

తూటా పైకప్పులో దిగుతుంది. చెల్లెలి మణికట్టు విరుగుతుంది. పిస్టల్ దొర్లుకుంటూ వచ్చి అక్క కాళ్ల దగ్గర ఆగుతుంది.

ఆమె వంగి తీసుకుంటుంది.

“అక్కా! వద్దే... నీ చెల్లెల్నే!”

“మీ బావ కూడా ఇలాగే బతిమాలాడా?”

ఢాం!