రేకు మీద దెబ్బ

ఇంక మందులు వద్దని దాసన్నను ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. తుంగభద్రలో ఒకసారి కాళ్ళు పెట్టాలని వాడి కోరిక. కోసిగి నుంచి మంత్రాలయం ఎంత దూరమని? నేనూ తిమ్మయ్యా సరే అన్నాం. వాడి కూతురు క్రిస్టినా అడ్డం వచ్చింది.

"దారిలో ఏమన్నా అయితే చిన్నాయనా?"

"ఇంట్లో ఉంటే కాదామ్మా?" అన్నాను.

ఆమె లోపలికి పోయి దుప్పటి తెచ్చి ఇచ్చింది.

తిమ్మయ్యది ట్రాలీ ఆటో. వెనక గడ్డి పరిచి దాసన్నను పడుకోబెట్టాం. పక్కన నేను కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా బయలుదేరాం.

"మఠం ఊరికి పోతాండావు. మీ పాస్టరుకు తెలిస్తే?" అన్నాడు తిమ్మయ్య.

"నేను ఏటికి పోతాండా. మఠానికి నువ్వు పో," అన్నాడు దాసన్న. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఏటేటా గుంటూరు మిరపకోతలకు కలిసి వలసపోయిన వాళ్ళం మేం. తిమ్మయ్యే మేస్త్రీ. లారీ ఎక్కడ ఆగినా, మళ్ళీ కదిలే ముందు "ఎక్కినారా?" అని కేక వేసేవాడు. చీకట్లో మొహాలు కనపడవు కదా. ఎక్కినవాడల్లా రేకు మీద ఒక దెబ్బ కొట్టాలి.

కల్వర్టు దగ్గర ఆటో ఆపి, దాసన్నకు గుక్కెడు నీళ్ళు తాపించాను. అప్పటికే చీకటి పడింది. చుట్టూ పత్తి ఏరేసిన చేలు. గాలి లేదు. పురుగుల చప్పుడు కూడా లేదు. తిమ్మయ్య సీటెక్కి, పాత అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎక్కినారా?"

నేను కొట్టాను. దాసన్న వేళ్ళతో మెల్లగా కొట్టాడు.

వెనక డోరు దగ్గర ఇంకో దెబ్బ పడింది.

ఆటో కదిలింది. తడిమట్టి వాసన... మా వైపు వాన పడి నెలలైంది.

"కంబన్నా..." దాసన్న నా చెవిలో గొణిగాడు. "నా పాదాలు ఎవరో పట్టుకున్నారు. శానా సల్లగా ఉండాది..."

తడిమి చూశాను. పాదాల మీద దుప్పటి నొక్కుకుపోయి ఉంది. ఎవరో లాగుతున్నారు.

భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. వాడి పాదాలు రెండూ నా ఒళ్ళోకి లాక్కున్నాను.

"చూడప్పా. మేం అడిగింది మావాళ్ళను. నిన్ను కాదు. వీడు ఏటికి పోవాల. అంతవరకూ ఇచ్చేది లేదు."

చలి తగ్గలేదు. ఏరు వచ్చేదాకా నేనూ చేతులు తీయలేదు.

ఇద్దరం మోసుకుపోయి నీళ్ళ అంచున కూర్చోబెట్టాం. దాసన్న కాళ్ళు ఆడించాడు.

"గెలిచినాం కదప్పా," అన్నాడు.

నా భుజం మీద తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

దుప్పటి కప్పి ఆటోలో పడుకోబెట్టి, పక్కనే కూర్చున్నాను. తిమ్మయ్య తాళం తిప్పబోయి ఆగాడు.

"అడుగు," అన్నాను.

"వద్దులే కంబన్నా."

"ఎవడికో భయపడి మానేదేంది? అడుగు."

"ఎక్కినారా?" అన్నాడు తిమ్మయ్య మెల్లగా.

నేను గట్టిగా కొట్టాను. దుప్పటి కింద నుంచి, వేళ్ళతో, మెల్లగా ఒక దెబ్బ. నాకు భయం వేయలేదు. వాడు మావాడు.

వెనక డోరు వైపే చూస్తూ కాచుకున్నాను. అక్కడ ఏమీ లేదు...

మూడో దెబ్బ ముందు నుంచి వచ్చింది. తిమ్మయ్య పక్కన, ఖాళీ జాగాలోంచి.

"కంబన్నా..." అన్నాడు తిమ్మయ్య, తల తిప్పకుండా. "నా పాదాలు శానా సల్లగా ఉండాయి."