విప్పిన కుట్లు

"అత్తయ్యా! పిల్ల పడిపోయింది! త్వరగా రండి!"

డ్రస్సు ఇంకో వేలెడు బిగించమని కుట్టుమిషను పక్కన నిలబడి కొలతలిస్తున్న పదిహేడేళ్ల కూతురు కళ్లు తేలేసింది! వీధిలో సగం మందికి బట్టలు కుట్టే ఆ తల్లి, మళ్లీ మళ్లీ కూతురి డ్రస్సు బిగిస్తూ, "ఎంత నాజూగ్గా అమరిందో!" అని తన పనితనానికి తనే మురిసిపోయింది. అయ్యో, ఈ పిల్ల ఎందుకిలా కరిగిపోతోంది అని ఒక్కనాడైనా అనుకుందా? లేదు!

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "నెలసరి సరిగ్గా వస్తోందా?" అని అడిగింది. తల్లి తడుముకుంటుంటే అత్తగారు అందుకుంది.

"ఏడు నెలలైందమ్మా! బీరువాలో ప్యాకెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేను మొత్తుకుంటే చాదస్తం అన్నారు!"

తల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ మాటన్నది తనే...

"సరిపడా తినకపోతే ఒళ్లు భయపడుతుందమ్మా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఉన్న కాస్త బలం ప్రాణం నిలుపుకోడానికి దాచుకుని, నెలసరి తెప్పించే హార్మోన్లని తగ్గించేస్తుంది. ఇలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఇది మొండితనం కాదు, జబ్బు. తిట్టకండి. వైద్యానికి టైము పడుతుంది."

పట్టింది! వారం వారం ఆస్పత్రి, కంచం తోసేసిన రోజులు, తలుపేసుకుని ఏడ్చిన రోజులు... అన్నిటికీ నానమ్మే పక్కన కూర్చుంది. "తిను" అని ఒక్కసారీ అనలేదు. "మీ తాత వండిన కూర వాసన చూసి కుక్క దణ్ణం పెట్టి పోయిందే, పిచ్చుకా!" అని నవ్విస్తూ, ముద్ద ముద్దకీ తోడుగా తానూ తినేది.

దాదాపు ఏడాది తర్వాత, ఒక పొద్దున్న నానమ్మ 'పిచ్చుక' అమ్మ మిషను దగ్గరికొచ్చింది.

"అమ్మా... బీరువాలో ప్యాకెట్ ఒకటి తీసుకున్నాను."

తల్లి చేతిలోంచి కత్తెర జారిపోయింది!

"ఇంకోటి... ఈ డ్రస్సు ఊపిరాడనివ్వట్లేదు. వదులు చేస్తావా?"

తల్లి డ్రస్సు తిరగేసింది. అదృష్టం, బిగించినప్పుడల్లా బట్ట కత్తిరించకుండా లోపలే వదలడం ఆమె అలవాటు. పక్కపక్కనే నాలుగు వరసల కుట్లు!

"అన్నీ విప్పెయ్యనా, తల్లీ?"

"ఇవ్వాళ్టికి ఒక్కటి చాలమ్మా..."

తల్లి బ్లేడు తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"మీరే విప్పాలి అత్తయ్యా. ఆ ప్యాకెట్ల సంగతి మీరు కనిపెట్టి చెప్పకపోతే నా బిడ్డ నాకు దక్కేది కాదు! మిమ్మల్ని ఎన్ని మాటలన్నానో..."

"ఊరుకో అమ్మాయ్! నువ్వేడిస్తే నా కళ్లజోడు మసకేస్తుంది. దారం ఎక్కడుందో చూపించు."

ముగ్గురూ ఆ డ్రస్సు మీదకి వంగి, మొదటి దారం కోసం వెతకసాగారు.