ముప్పై అడుగులు, పది అడుగులు

సోమవారం వచ్చిందంటే చాలు, మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుడ్డసంచి చంకలో ఇరికించుకుని, కాఫీ కూడా సగంలో వదిలేసి వీధిలో పడుతున్నారు. రెండు నెలలుగా ఇదే వరస. పెరట్లోకి వెళ్లాలన్నా గోడ పట్టుకు నడిచే మనిషి! కోడలి కన్ను ఆ సంచి మీద పడింది. పడదా మరి?

"ఇంత పొద్దున్నే ఎక్కడికి మామయ్యా?"

"ఇక్కడికేనమ్మా. ఓ స్నేహితుణ్ణి చూసొస్తా."

"సంచిలో ఏంటో?"

"ఏముంటాయి, పాత సామాన్లు," అంటూ ఆయన సంచిని రెండో చంకలోకి మార్చుకున్నారు.

స్నేహితుణ్ణి చూడ్డానికి ఇస్త్రీ చొక్కా దేనికి? పాత సామాన్లయితే దాచడం దేనికి? నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా ఊళ్లో సగం గోడలు లేపారు గానీ, పాపం, అబద్ధమాడ్డం మాత్రం చేతకాలేదు. చెవులు ఎర్రగా కందిపోయాయి. కోడలు అది కూడా గుర్తుపెట్టుకుంది.

మధ్యాహ్నం ఎదురింటి కుట్టుమిషనావిడ కొత్త దిండు గలీబులు ఇవ్వడానికొచ్చి, గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించింది.

"మీ మామగారు మునిసిపల్ ఆఫీసు దగ్గర కనిపించారు. చక్రాల కుర్చీలు ఎక్కడానికి మీ ఆయన కట్టిన ర్యాంపు లేదూ, అక్కడే. పోయిన సోమవారం కూడా చూశా. ఇంటి కాగితాల పనేమో అనుకున్నా. పేర్లు మార్చేది ఆ ఆఫీసులోనే కదా! నాకెందుకులే, నే వెళ్తా."

నాకెందుకులే అంటూనే నిప్పు రాజేసి పోయింది మహాతల్లి. ఇల్లు మామగారి పేరు మీదుంది. ఆయనకు కొడుకూ కూతురూ. ఈ మధ్య కూతురు ఫోన్ చేస్తే ఆయన వరండా చివరికి వెళ్లి మాట్లాడుతున్నారు. మొన్న బట్టలారేస్తుంటే ఒక్క ముక్క చెవిన పడింది: "మీ తమ్ముడితో మాత్రం అనకు."

ఆ మాట నెమరేసుకుంటూనే మామగారి దిండుకు గలీబు తొడగబోయింది. దిండు కింద క్యాలెండరు కాగితం. దాని వెనక పెన్సిలుతో ఒక పొడుగు గీత, ముప్పై అడుగులు. పక్కన ఒక పొట్టి గీత, పది అడుగులు. ఇంటి ముందు వెడల్పు సరిగ్గా నలభై అడుగులు! పన్నెండేళ్లుగా తను తుడిచిన వాకిలి, తను వేయించిన రంగులు. అత్తగారు మంచాన పడితే తను సేవ చేసింది ఈ ఇంట్లోనే.

సాయంత్రం భర్త రాగానే కాగితం చేతిలో పెట్టింది.

"నీకు ప్రతిదానికీ అనుమానమే," అని కసిరాడతను. తీరా కాగితం చూశాక కుర్చీలో కూలబడ్డాడు. "అక్కకు ముప్పై, మనకు పదా? పది అడుగుల్లో నా మోటారుబండి కూడా తిరగదే!"

"అడగండి మరి!"

"అడిగితే ఒప్పుకుంటాడా? వచ్చే సోమవారం వెనకే వెళ్లి పట్టుకుందాం."

ఆ వారమంతా ఇంట్లో ఎవరి అన్నం వాళ్లు తిన్నారు. "కూరలో ఉప్పు తగ్గిందేమోనమ్మా," అన్నారొకసారి మామగారు. "మీకు ఉప్పూ కారం వేసేవాళ్లు వేరే ఉన్నారుగా," అంది కోడలు. ఆయన అర్థంకాక, పక్కన కూర్చుని తింటున్న మనవరాలి ముఖం చూశారు.

సోమవారం భార్యాభర్తలిద్దరూ బండి మీద వెళ్లి ఆఫీసు గేటు పక్కన నక్కారు. ఆ రోజు ముసలివాళ్లూ నడవలేనివాళ్లూ అర్జీలిచ్చే రోజు. మామగారు లోపలికి వెళ్లలేదు. ర్యాంపు మొదట్లో నిలబడ్డారు. ఒకావిడ తల్లిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. మామగారు సంచిలోంచి రెండు చెక్కముక్కలు తీశారు. ఆవిడ కుర్చీని జానెడు పైకి తోస్తే, ఆయన వంగి, వెనక్కి జారకుండా చక్రాల కింద చెక్కలు పెట్టారు. మళ్లీ జానెడు, మళ్లీ చెక్కలు. ఒక చేత్తో ర్యాంపు పక్క కమ్మీ పట్టుకుని, అడుగడుక్కీ వంగుతూ లేస్తూ. పెరట్లోకి వెళ్లడానికి గోడ పట్టుకునే మనిషి!

పైకి చేరాక తల్లి ఊపిరి పీల్చుకుని, "ఇంత నిటారుగా కట్టినవాడి చేతులు పడిపోనూ!" అంది.

"అలా అనకమ్మా," అన్నారు మామగారు, రెండు చేతులూ జోడించి. "వాడికి పని నేర్పింది నేనే. తిట్టాలంటే నన్ను తిట్టు."

కోడలు భర్త వైపు చూసింది. అతని ముఖం మాడిపోయి ఉంది. విసవిసా వెళ్లి తండ్రి ముందు నిలబడ్డాడు.

"ఊరందరి ముందూ నా పరువు తీస్తున్నావా నాన్నా?"

"నీ పేరెత్తలేదురా."

"అయితే ఈ ముప్పై, పది ఏంటి?" అంటూ కాగితం చాపాడు.

"ఈ ఆఫీసు అరుగు ఎత్తు రెండున్నర అడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలుండాలని చిన్నప్పుడే చెప్పాను కదరా. ముప్పై ఉండాలి. నువ్వు పదే కట్టావు."

"ఆఫీసరు కారుకు చోటు చాలదన్నారు. ప్రారంభానికి టైము లేదన్నారు. నేనేం చెయ్యను? ఎక్కలేనంత నిటారుగా ఏం లేదులే!"

కోడలు గోడవారన ఉన్న ఆఫీసువాళ్ల ఖాళీ చక్రాల కుర్చీని లాక్కొచ్చింది.

"కూర్చుని ఎక్కండి."

"నీకేమన్నా పిచ్చా?"

"కాళ్లు కింద పెట్టకుండా ఎక్కండి. ఎక్కితే నేనే మామయ్యను ఇంటికి తీసుకుపోతా."

జనం చూస్తున్నారు. పౌరుషానికి కూర్చున్నాడు. కండలు తిరిగిన చేతులతో చక్రాలు తిప్పాడు. మూడడుగులు బాగానే వెళ్లాడు. నాలుగో అడుగులో భుజాలు వణికాయి. అయిదో అడుగులో చక్రం అరచేతిలోంచి జారింది. కుర్చీ సర్రున వెనక్కి దొర్లింది.

"నాన్నా!"

కుర్చీ ఆగింది. వెనకే ఎక్కుతూ వచ్చిన ముసలాయన కమ్మీని ఒడిసిపట్టి, కుర్చీకి భుజం ఆనించి నిలబడ్డారు. ఆయన ఆయాసం కొడుకు మెడకు తగులుతోంది.

"వదలకు నాన్నా!"

"పట్టుకునే ఉన్నాన్రా. రెండు నెలల్నుంచీ."

కోడలు పరుగున వెళ్లి చక్రాల కింద చెక్కలు పెట్టింది. కొడుకు కుర్చీలోంచి దిగలేదు. ముఖం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా," అన్నాడు కాసేపటికి.

"అంటే నువ్వు పైవాళ్ల దగ్గర తప్పు ఒప్పుకోవాలి. నీకు మళ్లీ పని ఎవరిస్తారు? అక్క కూడా చెప్పేయమనే పోరుతోంది. నాకే నోరు రాలేదు."

కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. అరచేయి కమ్మీ రాపిడికి కాయలు కాసి ఉంది.

"ఇల్లు వదిన పేరున రాస్తున్నారనుకున్నాను మామయ్యా. వారమంతా మీకు ముద్ద సరిగ్గా పెట్టలేదు. నన్ను క్షమించండి."

"ఇంటి కాగితాల గది మేడ మీదుందమ్మా," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. "ఈ మోకాళ్లతో నేను అక్కడికి ఎక్కేదెలా?"

ముగ్గురికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. కొడుకు లేచి తిన్నగా లోపలికి వెళ్లి తెల్లకాగితం అడిగాడు. ర్యాంపు తప్పుగా కట్టింది తనేనని, ఆఫీసరు కారు చోటు వదిలితే పగలగొట్టి తన చేతులతోనే మళ్లీ కడతానని రాసి, కింద తన పేరు రాశాడు. గుమాస్తా ఆ కాగితం చదివి బిత్తరపోయాడు.

"నీకు పనివ్వడం మానేస్తారేమోనయ్యా!"

"మానేస్తే మానేయనీండి. ఈ పనికి మాత్రం పెద్దమేస్త్రీని పెట్టుకున్నా," అన్నాడతను, గుమ్మం బయటున్న తండ్రిని చూపిస్తూ.